పుట్టింటి గోనెసంచులు

లారీ పది గంటలకు వస్తుందన్నారు. నేను ఏడింటికే చర్చి ముందు సిమెంటు గచ్చు మీద నిలబడి ఉన్నాను. ధాన్యం నాది కాదు, మా పొలం కౌలుకు చేస్తున్నావిడది. అయినా ఇంట్లో కాలు నిలవలేదు. టీవీలో అల్పపీడనం అంటున్నారు. దక్షిణపు గాలి ఒంటికి జిడ్డుగా తగులుతోంది. గచ్చు పొడవునా పేర్చిన బస్తాలను ఈ చివర నుంచి ఆ చివరకు లెక్కపెట్టాను, మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరకు. లెక్కపెడితే సరుకు పెరగదని కొట్లో పుట్టిన నాకు తెలియక కాదు.

ఆవిడ పన్నెండేళ్లు కువైట్‌లో వంటపని చేసి వచ్చింది. దాచుకున్నదంతా పెట్టి మా ఎకరన్నర కౌలుకు తీసుకుంది. కిందటి వానాకాలం సార్వా పంట నీళ్లపాలయింది. ఈ వేసవి దాళ్వా కూడా చేతికి రాకపోతే మళ్లీ విమానం ఎక్కక తప్పదని, వీసా ఏజెంటు రెండు రోజులకోసారి ఫోన్ చేస్తున్నాడని చెప్పింది. ఏడుస్తూ కాదు, ఈ బస్సు తప్పితే తర్వాతి బస్సు ఉందన్నట్టు చెప్పింది. వినడానికి అదే కష్టంగా ఉంది.

మా ఇంటాయన ఉద్యోగం తాటిపాకలో. పొలం సంగతులు చూసేది నేను. రాజోలులో కిరాణాకొట్టు వెనక గదుల్లో పెరిగినదాన్ని. మాటలు రావడంతోనే చింతపండు తూకంలో గింజల బరువు తీసెయ్యమని అడిగానని మా అమ్మ చెబుతుంది. పెళ్లి ముహూర్తం కూడా రెండు రోజులు ఇవతలికి బేరమాడానని అత్తగారింట్లో ఇప్పటికీ నవ్వుతారు.

ఆ వారం కొనుగోలు కేంద్రంలో తేమ చూశారు. పదిహేడు శాతం దాటకూడదు, దాటలేదు. లారీకి పేరు రాసుకున్నారు. వాళ్లిచ్చే సంచులు మాత్రం ఇరవై తక్కువ వచ్చాయి. మిగతావి రెండు రోజుల్లో ఇస్తామన్నారు. మబ్బును నెత్తిన పెట్టుకుని రెండు రోజులంటే ఎలా?

“సంచులకేం భాగ్యమండీ, మా పుట్టింట్లో గోడౌన్ నిండా ఉన్నాయి” అన్నాను ఆవిడతో. అన్నయ్యకు ఫోన్ చేస్తే సాయంత్రానికి ఆటోలో ఇరవై గోనెసంచులు దిగాయి. ఊరికే ఇస్తే పుట్టింటి పరువు పోతుంది కదా, బదులుగా మా గేదెకు ఒక ట్రాక్టరు గడ్డి అడిగాను. ఆవిడ “ఆయ్, అలాగేనండి” అంది. అంత తొందరగా ఒప్పుకునేసరికి రెండు ట్రాక్టర్లు అడగాల్సిందని కూడా అనిపించింది.

పదింటికి రావాల్సిన లారీ పదకొండున్నరకు వచ్చింది. మండపేట మిల్లు తరఫున ఒక గుమాస్తా దిగాడు. చేతిలో తేమ చూసే మిషను, సంచిలోకి గుచ్చి గింజలు తీసే ఇనుప గొట్టం.

“ఎవరిదండీ ధాన్యం?”

“నాదండి” అంది ఆవిడ.

“మరి ఆరెవరండీ, అలా తిరుగుతున్నారు?”

“సంచులు ఆరివండి.”

లారీ వెనక తలుపు దించుతున్న, బస్తాలు మోసే జట్టువాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. గొట్టం గుచ్చిన ప్రతిసారీ మిషను మీద అంకె కోసం అతని భుజం మీదుగా తొంగిచూస్తున్నాను. పదహారు, పదహారున్నర. బస్తాలు లారీ ఎక్కుతున్నాయి. గోడవైపు వరుసకు వచ్చేసరికి పందొమ్మిది. పక్కది పందొమ్మిదిన్నర.

“ఇయ్యి ఎక్కవండి.”

“అదేంటండీ, అంతా ఒక్క కుప్పలోదే. మీ మిషను వేడెక్కి ఉంటుంది.”

అతను వాదించలేదు. గోనె మీద వేలు రాసి నాలుకకు అంటించుకున్నాడు.

“ఉప్పండీ.”

నేనూ వేలు నాకి చూశాను. ఉప్పే. అన్నయ్య పంపినవి గోడౌన్‌లో ఉప్పు బస్తాల కింద పరుపుగా వేసిన పాత గోనెలు. ఎండలో ఉన్నంతసేపు అప్పడాల్లా ఉంటాయి, గాలిలో చెమ్మ తిరగ్గానే తాగేస్తాయి. ఈ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? చిన్నప్పుడు వాన వస్తుందో రాదో ఉప్పు బస్తా తడిమి చెప్పేదాన్ని, కొట్టుకొచ్చినవాళ్లు మెచ్చుకునేవాళ్లు. అంత తెలివీ ఊరికే వచ్చిన సంచులను చూడగానే ఎటు పోయిందో.

అయినా నోరు ఊరుకోదు. “అంచునే చెమ్మండీ, లోపల పొడి. మధ్యలోంచి తీసి చూడండి.”

“మిల్లుకాడ కూడా మధ్యలోంచే తియ్యమని మీరొచ్చి చెబుతారాండీ?”

“పోనీ సంచికి కిలో కోత పెట్టుకోండి.”

“కోతలతో పనవ్వదండి. వేరే సంచుల్లోకి మారిస్తే మళ్లీ చూత్తాను. గంట ఆగుతాను, మబ్బు చూసేరా?”

“రెండు గంటలు.”

“ముప్పావుగంటండి.”

నా బేరానికి అవతలివైపు ధర దిగడమే గాని, ఇలా ఇవతల గడువు దిగడం అదే మొదటిసారి. “గంటేనండీ, గంటే” అంటూ ఆటో ఎక్కాను.

మా ఇంట్లో సంవత్సరానికి తిండికని ఉంచుకున్న ధాన్యం మంచి గోనెల్లో పన్నెండు బస్తాలు ఉంది. ఒక్కొక్కటే ఈడ్చి హాల్లో బోర్లించాను. అత్తగారు కాళ్లు కుర్చీ మీదకు లాక్కుని, “రాజోలు కొట్టు మా హాల్లో తెరిచేవేంటమ్మా?” అన్నారు. జవాబు చెప్పే తీరిక లేదు. పన్నెండు ఖాళీ సంచులు చుట్టుకుని మళ్లీ చర్చి దగ్గరికి పరుగు.

ఉప్పు సంచులు గచ్చు మీద విప్పి పోశాం. తడి తగిలిన గింజలను పక్కకు తోసి, లోపలి పొడి గింజలను ముందు ఎత్తుతున్నాం. నేను సంచి మూతి పట్టుకున్నాను, ఆవిడ చేటతో పోస్తోంది.

“మొన్న పోసేటప్పుడు మీకు తెలియలేదాండీ?” అన్నాను.

“తెలిసిందండి. గోనె దులిపితే తెల్లగా రాలింది.”

“మరి చెప్పలేదేం?”

చేట ఆపకుండానే అంది. “చెబితే మళ్లీ ఏదో బేరం పెడతారని ఊరుకున్నానండి. నా దగ్గిర గడ్డి తప్ప ఏముందండీ ఇవ్వడానికి?”

సంచి మూతి నా చేతుల్లోంచి జారింది. వంగి మళ్లీ పట్టుకున్నాను. నిండిన సంచుల మూతులు పురికొసతో కుట్టుకుంటూ పోయాం.

పన్నెండు బస్తాలూ పదహారు చూపించాయి. ఎక్కాయి. ఎనిమిది బస్తాల గింజలు మిగిలిపోయాయి. లారీ కాలవ వంతెన దాటుతుండగా చినుకులు మొదలయ్యాయి. బస్తాల మీద పట్టా గట్టిగా కట్టారా, మిల్లు దగ్గర మళ్లీ గుచ్చి చూస్తారా, దారిలో ఆగిపోతుందా? ఆవిడ అడగలేదు, నేనే గట్టిగా పైకి అడుగుతూ తడిశాను.

మర్నాడు మధ్యాహ్నానికీ కబురు లేదు. బయట వాన. మిగిలిన ధాన్యం వాన ముదరకముందే మా ఇంటికి చేర్చి, హాల్లో మా కుప్ప పక్కనే ఫ్యాను కింద పరిచాం. గింజ ఆరడానికి ఇద్దరం కాళ్లతో చాళ్లు తీస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాం. ఆవిడ ఫోను కిటికీలో ఉంది. ఒకసారి మోగితే ఇద్దరం ఒకేసారి వెళ్లాం. వీసా ఏజెంటు. “తరవాత చేత్తానండి” అని పెట్టేసింది. మూడు దాటాక గుమాస్తా చేశాడు.

“దిగిపోయిందండి. కోత ఏం లేదు.”

ఆవిడ ధాన్యం మీదే కూర్చుండిపోయింది. కాసేపు రెండు చేతులూ గింజల్లో ముంచి ఉంచింది.

“ఈ ఎనిమిదీ గవర్నమెంటు రేటుకే నేను తీసుకుంటానండి” అన్నాను.

“వద్దండి, చెమ్మ పట్టిన సరుకు. కిలోకి రూపాయి తగ్గించండి.”

“తగ్గించనండి.”

“అర్ధరూపాయన్నా తగ్గించండి.”

“పైసా తగ్గించను.”

అత్తగారు గదిలోంచి, “మీ ఇద్దర్లో కొనేదెవరు, అమ్మేదెవరు?” అన్నారు.

ఆవిడ లేచి చీర దులుపుకుంది. “అయితే డబ్బులు ఇప్పుడొద్దండి. వచ్చే సార్వా కౌల్లో తీసెయ్యండి.”

సార్వా అంది. విన్నది నిజమేనా అని ఆవిడ మొహంలోకి చూశాను. అప్పటికే చాళ్లు తీయడంలో పడిపోయింది. ఇంతకీ సార్వా కౌలు ఎంతో మేం ఇంకా అనుకోనేలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, “ఆయ్” అని, కుప్ప అవతలి అంచుకు వెళ్లి నేనూ కాలు ఆడించడం మొదలుపెట్టాను.