సింహద్వారం దగ్గర పెళ్ళిచూపులు

మా ముత్తాతగారిని ఏనుగుదొరగారనేవారు. ఆయన వాకిట్లో నిజంగానే ఏనుగుండేది. దసరా నాడు ఆయన దాని మీద ఊరేగుతుంటే గోదావరి లంకల్లోని రైతులంతా గట్టు మీద నిలబడి దణ్ణాలు పెట్టేవారు. మా తాతగారి నాటికి ఏనుగు పోయి పల్లకీ మిగిలింది కనుక ఆయన పల్లకీదొరగారు. మా నాన్నగారి నాటికి జమీందారీలు రద్దయి, పల్లకీ మోసినవాళ్ళ కొడుకులు బస్సు కండక్టర్లయ్యారు. అయినా ఆయన్ని బజారులో ఊరికే దొరగారనేవారు. నా వరకు వచ్చేసరికి, న్యూజిలాండులో, ఆక్లాండ్ పడమటి కొసన హెండర్సన్ అనే పేటలో, ఒక గిడ్డంగిలో పెట్టెలకు బార్‌కోడ్ చీటీలు అంటించే ఉద్యోగంలో నన్ను 'బ్రో' అనేవారు. ఆ రోజుల్లో, అంటే రెండువేల పది దాటిన తొలి ఏళ్ళలో, నేను దాన్ని కూడా ఒక బిరుదు కింద జమకట్టుకోవడానికి చాలా ప్రయత్నించాను. పరాయి దేశంలో కుర్రవాడు నడుము వంగకుండా నిలబడాలంటే దేన్నో ఒకదాన్ని ఆనుకోవాలి. నా తోటివాళ్ళు జీతాన్ని ఆనుకున్నారు, నేను వంశాన్ని ఆనుకున్నాను. (నా జీతం ఆనుకోదగ్గంత గట్టిది కాదు.)

మా వంశంలో పెళ్ళిచూపుల పద్ధతి వేరు. మగపెళ్ళివారు ఆడపిల్ల ఇంటికి వెళ్ళి, ఉప్మా తిని, కాఫీ తాగి, ఆలోచించుకుని కబురు చేస్తామని లేచి రావడం మా ఇంటా వంటా లేదు. దివాణానికి కాస్త ఎడంగా మాకొక తోటబంగళా ఉండేది. ఆడపిల్ల తరఫువారిని సగౌరవంగా అక్కడికి పిలిపించేవారు. ఇంటి మగవాడు సింహద్వారం దగ్గర ఎదురుగా నిలబడి, పన్నీరు చల్లి, లోపలికి తీసుకెళ్ళేవాడు. తర్వాత పెద్దలు హాల్లో మాట్లాడుకుంటే, చిన్నవాళ్ళిద్దరూ అందరికీ కనబడేంత దూరంలో తోటలో నడిచేవారు. అమ్మా నాన్నగారూ పోయాక నాకు పెద్దదిక్కు మా పెద్దత్తయ్యే. ఆక్లాండ్ తూర్పున, ఫ్లాట్ బుష్‌లో కొత్త ఇల్లు కట్టుకున్న ఒక కుటుంబంతో నా సంబంధం మాట్లాడింది కూడా ఆవిడే, కాకినాడ నుంచి, ఫోన్లో. "ముందుగా నువ్వు వాళ్ళ గడప తొక్కకు నాయనా. వాళ్ళనే రమ్మను. గుమ్మంలో నిలబడి మర్యాదగా లోపలికి తీసుకెళ్ళు. మనకింక మిగిలింది ఆ ఒక్క మర్యాదే" అంది. చివరి మాట మాత్రం కాస్త మెల్లగా అంది. ఆవిడ అలా మెల్లగా అనకపోయి ఉంటే నేనూ అందరిలాగే ఫ్లాట్ బుష్ వెళ్ళి ఉప్మా తినివచ్చేవాణ్ణేమో.

తీరా నాకు గుమ్మం లేదు. మేమున్న ఫ్లాట్ తలుపు తీస్తే ముందు ఎవరివో బూట్లు తగిలేవి, తర్వాత బట్టలారేసే స్టాండు, దాని వెనక ఒక పరుపు, ఆ పరుపు మీద కరీంనగర్. (అది అతని ఊరు. మేం అతన్ని పిలిచే పేరు కూడా అదే.) అతను బేకరీలో పనిచేసేవాడు, కనుక లోకం మేలుకుని ఉన్నప్పుడల్లా పడుకుని ఉండేవాడు. అటువంటి హాల్లోకి పెళ్ళికూతురి తండ్రిని తీసుకురావడం నా చేత కాదు. ఆ దిగులులో ఉండగా లైబ్రరీలో ఒక కరపత్రం కనబడింది. ఆక్లాండ్‌కు దక్షిణాన, ఊళ్ళు దాటి పోతే, పాతకాలపు దొరల ఇల్లొకటి ఉందట. చుట్టూ విశాలమైన తోట, పచ్చిక బయళ్ళు. గొర్రెల మీద బాగుపడిన ఒక ఇంగ్లీషు కుటుంబం తరాల తరబడి అందులో ఉండి, చివరికి నిలబెట్టుకోలేక ఒక ట్రస్టుకు అప్పగించిందట. ఆ చివరి సంగతి చదవగానే నాకు వాళ్ళతో ఏదో చుట్టరికం కలిసినట్టయింది. మన తోటబంగళాకు ఇక్కడ సరితూగేది ఇదేనని నిశ్చయించుకున్నాను.

కరీంనగర్‌కు చెబితే పరుపు మీంచి లేవకుండానే విన్నాడు. "గంత దూరం ఎందుకన్నా? మాల్‌ల ఫుడ్‌కోర్టు లేదా? ఏసీ ఉంటది, బాత్రూం ఉంటది, ముచ్చట కుదరకపోతే పక్కకే సినిమా ఉంటది" అన్నాడు. నేను మా పద్ధతి వివరించాను. అతను ఓపికగా విని, వాళ్ళ ఊళ్ళో దొరగారి గడీలో ఇప్పుడు సర్కారు బడి నడుస్తోందనీ, తాను పదో తరగతి దాకా అక్కడే చదివాననీ చెప్పాడు. "దొర పండుకునే రూముల మాకు సైన్స్ ల్యాబు పెట్టిండ్రు. కప్పను కోసింది ఆడ్నే" అన్నాడు. కాసేపటికి అతనే మెత్తబడి, "కారు నాదే, డ్రైవింగ్ నాదే. గని నన్ను పల్లకీ మోసెటోని లెక్క చూడొద్దు దొరా" అన్నాడు. అతను దొరా అన్నప్పుడల్లా అందులో కాస్త ముల్లుండేది. అయినా ఈ దేశంలో నన్నలా పిలిచేవాడు అతనొక్కడే కనుక ముల్లుతో సహా పుచ్చుకునేవాణ్ణి.

పెద్దవాళ్ళను పిలిచేముందు స్థలం చూసుకోవాలి కనుక ఒక శనివారం ఇద్దరం వెళ్ళాం. ఓక్ చెట్ల బాట చివర ఇల్లు కనబడింది. గోడలన్నీ చెక్కవి, పైకప్పు రేకులది. మా వైపు రేకుల కప్పు కోళ్ళఫారాలకు వేస్తారు. అయినా వరండా స్తంభాల మీద చెక్కిన లతలూ, వాటి మధ్య మెట్లూ, మెట్ల పైన రెండు రెక్కల పెద్ద తలుపూ చూశాక ఆ రేకుల్ని క్షమించాను. కాని ఆ తలుపు మూసి ఉంది. పక్కనున్న బాణం గుర్తు వెంట ఇల్లంతా చుట్టి పోతే, సందర్శకుల దారి వెనకవైపు వంటింట్లోంచి అని తెలిసింది. అక్కడ ఉన్ని స్వెట్టరు వేసుకున్న ఒక పెద్దావిడ బల్ల ముందు కూర్చుని ఉంది. వారానికొకసారి ఊరికే వచ్చి సాయం చేస్తుందట. ముందు హాల్లో తివాచీ పాతది కావడం వల్ల పెద్దతలుపు తెరవడం ఎప్పుడో మానేశారనీ, ఎవరొచ్చినా వంటింట్లోంచే రావాలనీ చెప్పింది. హాల్లోని కుర్చీలకు తాళ్ళు కట్టారు, కూర్చోకూడదు. నేను ఆవిడకు ఏనుగుదొరగారితో మొదలుపెట్టి మా వంశమంతా చెప్పి, ఆ ఒక్కరోజుకు తలుపు తెరిపించమని కోరాను. ఆవిడ ఎంతో శ్రద్ధగా వింది. చలికాలంలో ఏనుగు ఏం తినేదని అడిగింది. మా వైపు చలికాలం లేదన్నాను. ఆవిడ అది నిజంగా అదృష్టమని ఒప్పుకుని, వానొస్తే గొడుగులు వంటింటి గుమ్మం పక్కన పెట్టుకోవచ్చని చెప్పింది.

నేను నిరుత్సాహపడలేదు. పెద్దమనుషులు కళ్ళెదుట నిలబడ్డాక ఆవిడే తలుపు తీస్తుందని నమ్మాను. (అటువంటి నమ్మకాల మీదనే మా వంశం చాలాకాలం నడిచింది.) మిగిలిన ఏర్పాట్లన్నీ పకడ్బందీగా చేశాను. అది గొర్రెలు ఈనే కాలం కనుక పచ్చిక బయళ్ళలో చాలా దారులకు కంచెలు కట్టేశారు. తెరిచి ఉన్న ఒక్క బాటలో, పెద్దలకు కనబడుతూ, బురద లేకుండా ఇద్దరు నడవగలిగే మేర ఏదో చూసి పెట్టుకున్నాను. పన్నీరు మన సరుకుల కొట్లో దొరికింది. చిలకరించడానికి వెండి బుడ్డి ఎక్కడ తేను? కరీంనగర్ అద్దాలు తుడిచే మందు సీసాను బాగా కడిగి ఇచ్చాడు. నొక్కితే తుంపర్లు చక్కగానే పడ్డాయి. అతన్ని మామగారిగా నిలబెట్టి ఫ్లాట్‌లో ఒకసారి సాధన కూడా చేశాం. బాత్రూం వైపునుంచి నడిచివచ్చి, నేను పన్నీరు చల్లేలోపే, "బాబూ, పీఆర్ వచ్చిందా?" అన్నాడు. పర్మనెంట్ రెసిడెన్సీ గురించి మా వంశంలో గుమ్మం దగ్గర ఎవరూ అడగరని చెప్పాను. "ఈడ మామ ఫస్ట్ అడిగేది గదే అన్నా. ఏనుగు గురించి అడగడు" అన్నాడు.

అనుకున్న రోజు ఉదయం ఎండ బాగానే కాసింది. వాళ్ళు చెప్పిన వేళకే వచ్చారు. పెళ్ళికూతురి తండ్రి, ఆయన భార్య, వాళ్ళ వెనక ఆ అమ్మాయి. స్కూలు వయసులో వచ్చి ఇక్కడే పెరిగి, అప్పటికి ఫార్మసీలో పనిచేస్తోంది. నేను ఓక్ చెట్ల బాట దాకా ఎదురెళ్ళి, నమస్కరించి, సీసా నొక్కాను. గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకోలేదు. తుంపరంతా అంకుల్ కళ్ళజోడు మీద పడింది. ఆయన ఏమీ అనుకోలేదు. జోడు తుడుచుకుంటూ, "సన్‌స్క్రీనా బాబూ? మంచిపని. ఇక్కడి ఎండ మంచిది కాదు" అన్నారు. తర్వాత, మెట్ల దగ్గరికి చేరకముందే, పీఆర్ సంగతి అడిగారు. కరీంనగర్ ఓక్ చెట్ల కొమ్మలవైపు చూస్తూ ఉండిపోయాడు.

పెద్దతలుపు మూసే ఉంది. తట్టాను. లోపలినుంచి పెద్దావిడ కిటికీ దగ్గరకొచ్చి, నన్ను గుర్తుపట్టి, ఆప్యాయంగా చెయ్యూపి, ఇంటి వెనకవైపు చూపించింది. అప్పుడు నాకు రెండే దారులున్నాయి. కాని ఆ క్షణంలో ఒకటే కనబడింది. అంకుల్‌నూ ఆంటీనీ అమ్మాయినీ ఎంతో వినయంగా బాణం గుర్తు వైపు దయచేయమని, తోడుగా కరీంనగర్‌ను పంపి, నేను మాత్రం ఇక్కడే ఉంటానని చెప్పి మెట్ల మీద నిలబడ్డాను. ఏనుగుదొరగారి మునిమనవడు పెళ్ళిమాటల రోజున వంటింటి గుమ్మంలోంచి దూరడం నేను ఊహించలేకపోయాను. చేతులు వెనక్కి కట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టి నిలబడ్డాను. కాసేపటికి వాన మొదలైంది. హాలు కిటికీలోంచి వాళ్ళు కనబడుతున్నారు. అంకుల్ తాళ్ళు కట్టిన కుర్చీ పక్కన నిలబడి ఫోటో తీయించుకుంటున్నారు. తీస్తున్నది కరీంనగర్. ఆంటీ చేతిలో ఏదో కేకు ముక్క ఉంది. పెద్దావిడ వాళ్ళకు ఎంతో ఉత్సాహంగా ఏదో చెబుతోంది. పెళ్ళిచూపులు నేను లేకుండానే చాలా బాగా జరిగిపోతున్నాయి.

ఆ అమ్మాయి గొడుగు వేసుకుని ఇల్లు చుట్టి వచ్చింది. గొడుగు నాకు కూడా పట్టలేదు. మెట్ల కింద నిలబడి నన్ను చూసింది.

"మీరు లోపలికి రారా?"

"ఇక్కడ బాగానే ఉంది" అన్నాను.

"వాన పడుతోంది."

"తెలుస్తూనే ఉంది."

"కిచెన్ డోర్ యూజ్ చేయడం మీకు ప్రాబ్లమా? మీ ఫ్రెండ్ చెప్పారు."

మా ఇంట్లో పెళ్ళిమాటలకు వెనకగుమ్మంలోంచి వెళ్ళరని, తోటబంగళా పద్ధతి అంతా క్లుప్తంగా చెప్పాను. ఆమె నవ్వలేదు. నవ్వుతుందేమోనని నేను సిద్ధంగా ఉన్నాను, అందుకు తగిన ముఖం కూడా పెట్టుకున్నాను. ఆమె, "మరి మా అమ్మానాన్నల్ని అటే పంపించారుగా?" అంది. వెనక్కి కట్టుకున్న చేతులు విప్పాను. "వాళ్ళు మీ గెస్ట్స్ అనుకున్నా. కోపంతో అనట్లేదు. మీ సిస్టమ్ నాకు నిజంగా తెలీదు, అందుకే అడుగుతున్నా. గెస్ట్స్ వెనకనుంచి వెళ్తే మీరు ముందు నిలబడతారా?"

మా పెద్దత్తయ్య ఫోన్లో చెప్పిన మాట చెవిలో వినబడింది. లోపలికి తీసుకెళ్ళు అంది ఆవిడ. నిలబడమన్నది అందుకోసం. నేను నిలబడడం ఒక్కటే గుర్తుపెట్టుకున్నాను. జుట్టులోంచి నీళ్ళు మెడ మీదికి కారుతుండగా, "లేదు. మా పద్ధతి అది కాదు" అన్నాను. అది తప్ప ఆ రోజు నేను చెప్పిన మాటల్లో పద్ధతిగా ఉన్నది మరొకటి లేదు. ఆమె గొడుగు కాస్త ఇటు జరిపింది. ఇద్దరం ఇల్లు చుట్టి వంటింటి గుమ్మంలోంచే వెళ్ళాం. పెద్దావిడ తువ్వాలిచ్చింది. నేను అంకుల్ దగ్గరికీ ఆంటీ దగ్గరికీ వెళ్ళి, గుమ్మం దాకా తోడు రానందుకు క్షమించమని అడిగాను. "ఏ గుమ్మం బాబూ?" అన్నారు అంకుల్. ఆయనకు ఏ గుమ్మంలోంచి వచ్చారో కూడా గుర్తులేదు. పీఆర్ మాత్రం గుర్తుంది. రాత్రికి పెద్దత్తయ్య ఫోన్ చేసి మాటలు ఎక్కడ జరిగాయని అడిగింది. సింహద్వారం దగ్గరేనన్నాను. అది అక్షరాలా నిజం. తలుపుకు ఏ పక్కన అని ఆవిడ అడగలేదు.

ఆ సంబంధమే కుదిరింది. ఇప్పుడు మేమూ ఫ్లాట్ బుష్‌లోనే ఉంటున్నాం. మా ఇంటికి ముందువైపు చక్కని తలుపుంది. పార్సెల్ తెచ్చేవాళ్ళు తప్ప దాన్ని ఎవరూ వాడరు. అందరిలాగే నేనూ కారు గరాజ్‌లో పెట్టి, బట్టలుతికే మిషను పక్కనుంచి, విడిచిన బట్టల బుట్ట దాటుకుని నా ఇంట్లోకి ప్రవేశిస్తాను. అప్పుడప్పుడు ఆ బుట్ట దగ్గర ఆగినప్పుడు, వానలో మెట్ల మీద నిటారుగా నిలబడ్డ ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. వాడి మీద నాకు నవ్వొస్తుంది, కాని లోపలికి రమ్మని పిలవాలని కూడా అనిపిస్తుంది. ఆ రోజు వాన తగ్గాక, కంచెల మధ్య బాటలో పెద్దలకు కనబడుతూ నడుస్తుండగా, మీ తోటబంగళా ఇప్పుడెలా ఉందని ఆమె అడిగింది. అప్పటిదాకా ఈ దేశంలో ఎవరికీ చెప్పని సంగతి ఆమెకు చెప్పాను. నా చిన్నప్పుడే నాన్నగారు తోటనూ బంగళా స్థలాన్నీ రొయ్యల చెరువులకు అమ్మేశారు. తలుపులూ దూలాలూ అంతకుముందే విడివిడిగా కలప అడితికి పోయాయి.