తలుపు మీద గుర్ర్ర్

నేను ఏం రాసినా మా ఇంట్లో పొగరనే అనుకునేవారు. నిన్న మేనల్లుడి బొమ్మల పుస్తకంలో పులి నోటి పక్కన ‘గుర్ర్ర్’ అని ఉండటం చూడగానే ఆ సంగతి గుర్తొచ్చింది.

సుజాతా, డెబ్బైలలో గోదావరిఖనిలో మనముండే గని క్వార్టర్ల లైను నీకు గుర్తుందా? నైట్ షిఫ్టు చేసొచ్చిన బాపు పగలు పడుకుంటే, పిల్లలం తలుపు మీద బొగ్గుతో ‘గుర్ర్ర్’ అని రాసేవాళ్ళం. లోపల గురక, తలుపు కొట్టొద్దు అని అర్థం. దాని పైన రెండు కళ్ళు గీస్తే అమ్మ కోపంగా ఉందని.

ఊరి నుంచి వచ్చిన మేనత్త అది చూసింది.

“ఏందే, కన్నతండ్రిని కుక్కంటవా?”

“కాదత్తా, బాపు పండుకున్నడని.”

“మల్ల నా మీద గుర్రుమంటున్నవా?” అంటూ తడిగుడ్డతో తుడిచేసింది. అమ్మ నవ్వింది.

సుజాతా, తలుపు మీద ఏమీ లేదు కదా అని, ఆటకు పిలవడానికి నువ్వే వచ్చి దబదబ బాదావు. బాపు లేచాడు, మళ్ళీ నిద్ర పట్టలేదు. ఆ రాత్రి ఎర్రటి కళ్ళతోనే గనిలోకి దిగాడు. తెల్లారి ఆయన వచ్చేదాకా నేను గడప మీద కూర్చున్నాను.

ఆయన పడుకున్నాక స్టూలెక్కి, అత్తకు చెయ్యందని ఎత్తులో మళ్ళీ రాశాను.