గడ్డం కుక్క, మావారి కుడిచెయ్యి

ఊపిరి పోసిన దేవునికి, పోబోయిన ఊపిరిని నిలిపిన దేవునికి స్తోత్రం. మునిగిపోతున్నవాడి చెయ్యి పట్టి లేవనెత్తిన ప్రభువుకే మహిమ కలుగును గాక. ఈ సాక్ష్యంలో మా గొప్ప ఏమీ లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మంచం పట్టిన మనిషి ఉన్న ఇల్లు ఏదైనా సరే, అక్కడివాళ్ళకు పనికొస్తే చాలు.

ఆ రోజు పొద్దున మావారు కుక్కను నడిపించడానికి తీసుకువెళ్ళి, కుక్క లేకుండా తిరిగి వచ్చారు.

"బెన్నీ ఏదండీ?" అన్నాను.

"లాగేసిందే. గొలుసు చేతిలోంచి జారిపోయింది" అన్నారు. కుడిచేతిని ఎడమచేత్తో నలుపుకుంటున్నారు. వెనకాలే బెన్నీ గొలుసు ఈడ్చుకుంటూ గేటులోకి వచ్చి, తప్పేమీ చేయనట్టు నీళ్ళ గిన్నె దగ్గరికి వెళ్ళింది.

ఎదురింటి సుగుణమ్మ గారు అరుగు మీద నుంచే నవ్వింది. "కుక్కని మీరు నడిపిస్తున్నారా అన్నయ్యగారూ, అదే మిమ్మల్ని నడిపిస్తోందా?"

మేమూ నవ్వాం. ఎందుకంటే బెన్నీ లాగుతుందని వీధి మొత్తానికీ తెలుసు. అది ఎయిర్‌డేల్ టెర్రియర్ అనే జాతి. హైదరాబాదులో అపార్ట్‌మెంటులో పెంచలేక మా మరిది కొడుకు జగ్గయ్యపేట తెచ్చి మాకు ఇచ్చాడు. వీపు నలుపు, తల, కాళ్ళు గోధుమ రంగు, ఒళ్ళంతా తీగలాంటి ముతక జుట్టు, మూతికి ముసలాయనకున్నట్టు గడ్డం. నీళ్ళు తాగి తలెత్తితే ఆ గడ్డం నుంచి కారే నీళ్ళతో వరండా అంతా తడిసిపోతుంది. మల్లెపాదు తవ్వి పోసింది. చెప్పిన మాట దానికి బాగా అర్థమవుతుంది, కాని వినాలా వద్దా అని తనే నిర్ణయించుకుంటుంది. పొద్దున బాగా నడిపించకపోతే సాయంత్రానికి చెప్పులు మిగలవు.

దాని జుట్టుకు మిషను పెట్టకూడదట. ఎండిన వెంట్రుకల్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి, అవి పెరిగిన వైపుకే లాగి తీయాలి. తేలిగ్గా ఊడి వస్తాయి, కుక్కకు నొప్పి ఉండదు. మావారు ప్రకాశరావు గారు సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మనిషి. సన్నటి తీగలతో పనిచేసిన వేళ్ళు. శనివారం సాయంత్రాలు వరండాలో పీట వేసుకుని ఆ పని చేసేవారు. ఎక్కడా నిలవని బెన్నీ అప్పుడు మాత్రం కదలకుండా నిలబడేది. ఆయన పాట పాడుకుంటూ వేళ్ళు ఆడించేవారు. మరుసటి రోజు ఆదివారం, అవే చేతులతో సంఘంలో, ప్రభువు మరణాన్ని జ్ఞాపకం చేసుకునే బల్ల దగ్గర, రొట్టె విరిచేవారు. మా సంఘంలో అందరికీ ఒకటే రొట్టె. పెద్దల్లో ఒకరు కృతజ్ఞతలు చెల్లించి, అందరూ చూస్తుండగా దాన్ని రెండు చేతులతో విరుస్తారు. చాలా ఏళ్ళుగా ఆ సేవ ఆయనదే.

ఆ పొద్దున చెయ్యి తిమ్మిరెక్కిందన్నారు, కాసేపటికి తగ్గింది. వీధి చివర డాక్టరు "కండ పట్టేసింది, కుక్క లాగిందన్నారుగా" అని పూతమందు రాసిచ్చాడు. మేమూ కుక్క మీదే నేరం మోపి ఊరుకున్నాం.

కొన్నాళ్ళకు, పొద్దున కుటుంబ ప్రార్థనలో ఉన్నాం. కళ్ళు మూసుకున్నాను. ఆయన ప్రార్థిస్తూండగా మాట తడబడింది. ముద్దముద్దగా వచ్చింది. ఆయన హృదయం కరిగి ఏడుస్తున్నారనుకున్నాను. మా వాళ్ళలో ప్రార్థన మధ్య గొంతు పూడుకుపోవడం కొత్త కాదు. నేను "ఆమేన్, స్తోత్రం" అంటూ ఉన్నాను. ఆ మాట కూడా ఆగిపోయి, ఏదో ఒరిగిన చప్పుడైతే కళ్ళు తెరిచాను. మూతి ఒక పక్కకు జారిపోయింది. కుడిచెయ్యి ఒడిలో పరాయి వస్తువులా పడి ఉంది.

సంఘపెద్ద దానియేలు గారికి ఫోన్ చేశాను. మా వీధిలోనే ఉంటారు. నాకు అన్నయ్య వరస. కారు తీసుకునే వచ్చారు. నేను చాప పరవబోయాను, మోకరించి ప్రార్థన చేస్తారని.

"చాప తర్వాత, చెల్లెమ్మా. ప్రార్థన కార్లో చేద్దాం. ముందు ఎక్కించు" అన్నారు.

నందిగామ దాటాం. కీసర టోల్‌గేటు దగ్గర లారీల వెనక ఆగినప్పుడు ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టి, గొంతెత్తి ప్రార్థించారు. పక్క బండి వాళ్ళు అద్దాలు దించి చూశారు. నా భుజం మీద మావారి తల బరువుగా ఉంది.

విజయవాడ ఆసుపత్రిలో సీటీ స్కాన్ తీశారు. డాక్టరు చిన్నవాడు, మాట నెమ్మది. "బ్లీడింగ్ లేదమ్మా. క్లాట్. ఎడమవైపు స్ట్రోక్ వచ్చింది, అందుకే కుడి పక్క వీక్ అయింది. టైమ్‌లోనే తెచ్చారు కాబట్టి క్లాట్ కరిగే ఇంజెక్షన్ ఇస్తున్నాం" అన్నాడు. తర్వాత అడిగాడు, "ఈ మధ్య చెయ్యి గానీ కాలు గానీ తిమ్మిరెక్కిందా?"

కుక్క లాగిన సంగతి చెప్పాను.

"కుక్క లాగలేదమ్మా. పట్టు తప్పింది. దాన్ని టీఐఏ అంటాం. మినీ స్ట్రోక్. అదే వార్నింగ్. ఆ రోజే రావాల్సింది."



ప్రాణం దక్కింది. ప్రభువుకు స్తోత్రం. ఎమ్మారై చేశారు, బీపీ, షుగర్ మందులు మార్చారు, డిశ్చార్జ్ చేసేటప్పుడు "కాలు త్వరగా వస్తుంది. చెయ్యి లేటు. వేళ్ళు ఎంతవరకు వస్తాయో ఇప్పుడే చెప్పలేం. ఎక్సర్‌సైజులు మానొద్దు" అన్నారు.

కాలు నిజంగానే త్వరగా వచ్చింది. వాకర్‌తో వరండా దాకా నడిచేవారు. చెయ్యి మాత్రం రాలేదు. నందిగామ నుంచి మస్తాన్ అనే ఫిజియోథెరపిస్టు వచ్చేవాడు. ఓపికైన కుర్రాడు. రబ్బరు బంతి ఇచ్చి నొక్కమంటే మావారు బంతిని చూసేవారు, నొక్కేవారు కాదు. బట్టలకు పెట్టే క్లిప్పులు ఇచ్చి తాడుకు తగిలించమంటే ముఖం తిప్పుకునేవారు. ఒక రోజు బంతిని ఎడమచేత్తో వాకిట్లోకి విసిరేశారు. బెన్నీ దాన్ని నోట కరుచుకుని పెరట్లోకి పారిపోయింది.

"పోనీలెండి, ఒక్క పేషెంటైనా బంతి పట్టుకున్నాడు" అన్నాడు మస్తాన్. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

పైగా భుజం బిగుసుకుపోయి ఫ్రోజెన్ షోల్డర్ అయింది. నొప్పికి మూలిగేవారు. మాట ముద్దగా వస్తోందని ప్రార్థన పైకి చేయడం మానేశారు. సంఘంవాళ్ళు వచ్చి పాడితే గోడవైపు తిరిగి పడుకునేవారు. ఆదివారం పోదాం రమ్మంటే ఒకసారి ఎంతో కష్టం మీద, "ఈ చేత్తో... ఏం విరవను?" అన్నారు. అప్పుడు నాకు తెలిసింది ఆయన లోపల ఏం చచ్చిపోతోందో. నడక కాదు, తిండి కాదు. ఆ బల్ల దగ్గర నిలబడలేనన్న బాధ.

చెకప్‌లో ఈ సంగతి చెప్తే డాక్టరు డిప్రెషన్‌కు మాత్ర రాశాడు. "స్ట్రోక్ తర్వాత ఇది మామూలే" అన్నాడు. ఆ మాత్ర వేస్తే విశ్వాసం తక్కువైనట్టని ఒకరిద్దరు అన్నారు. దానియేలు అన్నయ్యను అడిగితే, "బీపీ మాత్ర వేసినప్పుడు తక్కువకాని విశ్వాసం దీనికెందుకు తక్కువవుతుంది? వెయ్యమ్మా" అన్నారు. వేశాను.

ఈలోగా బెన్నీ నడక లేక పిచ్చిదానిలా అయింది. దాన్ని నడిపించడం నా వల్ల కాదు. ఒకసారి నన్ను మురుగుకాలువ దాకా ఈడ్చుకుపోయింది. పెరట్లో కట్టేస్తే రోజంతా అరిచేది. ఒక మధ్యాహ్నం తాడు తెంపుకుని, ఆయన్ను చూసిన సంతోషంలో ముందుకాళ్ళు రెండూ ఎత్తి ఆయన మీదికి ఎగిరింది. ఆయన వాకర్‌తో సహా పడిపోయారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు కదా, తుంటి అంతా నల్లగా కమిలింది. ఎముక విరగలేదు, అదే దేవుని దయ.

మా అమ్మాయి సునీత విజయవాడ నుంచి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, నాన్ననీ కుక్కనీ ఇద్దర్నీ చూసుకోవడం నీ వల్ల కాదు. వేదాద్రి దగ్గర మామిడితోట ఆయన కాపలాకి బెన్నీని అడుగుతున్నాడుగా, ఇచ్చెయ్" అంది. నేను సరేనన్నాను. ఆయనకు చెప్తే తలూపారు. కళ్ళు మాత్రం నా వైపు తిప్పలేదు.

ఆ మనిషి వస్తానన్న రోజు, ఇంత మురికి కుక్కను అప్పగించడం ఇష్టంలేక వరండాలో పీట వేసుకుని కూర్చున్నాను. జుట్టు ఉండలు కట్టి, లోపల రక్తం పీల్చే గోమార్లు పట్టి ఉన్నాయి. గోమార్లు ఏరి డెట్టాల్ నీళ్ళలో వేశాను. తర్వాత ఆయన చేసేటట్టే వెంట్రుకలు లాగడం మొదలుపెట్టాను. బెన్నీ మూలిగి పక్కకు జరిగింది.

"అటు... కాదు."

వెనక్కి చూశాను. వాకర్ పట్టుకుని ఆయన గుమ్మంలో ఉన్నారు.

"పెరిగిన... వైపుకి. ఎదురు లాగుతావేమే... దానికి నొప్పి."

మాట ముద్దగానే ఉంది. కాని చాలా రోజులకు ఆయనంతట ఆయన అన్న మాట. కుర్చీ వేశాను, కూర్చున్నారు. బెన్నీ లేచి వెళ్ళి ఆయన మోకాళ్ళ మధ్య నిలబడింది. ఎగరలేదు, నాకలేదు. పాత శనివారాల్లో నిలబడ్డట్టే నిలబడింది. ఆయన ఎడమచేత్తో రెండు మూడు కుచ్చులు తీశారు. ఎడమచెయ్యి సరిగా ఆడలేదు. విసుక్కున్నారు. అప్పుడు కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి కుక్క వీపు మీద పెట్టారు. బొటనవేలు కదిలింది. చూపుడువేలిని వెతుక్కుంది. అందలేదు. మళ్ళీ వెతికింది. వేళ్ళ మధ్య నాలుగు వెంట్రుకలు చిక్కాయి. జారిపోయాయి.

"ప్రభువా" అన్నారాయన, పైకి. ఆసుపత్రి నుంచి వచ్చాక నేను విన్న మొదటి ప్రార్థన అది.

అంతలో మస్తాన్ బండి దిగి లోపలికి వచ్చాడు. చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఇదేనండి పించ్ గ్రిప్! నేను క్లిప్పులతో చెప్తోంది ఇదే. ఆపకండి సార్, మీరు కానివ్వండి" అని, మోచేతి కింద దిండు పెట్టి, భుజాన్ని ఎలా ఆనించాలో చూపించాడు.

మామిడితోట ఆయన ఆటో తీసుకుని వచ్చేసరికి కుక్క వీపు మీద అరచేయంత మేర కూడా అవలేదు.

"పని... అవ్వలేదు" అన్నారు మావారు. "తర్వాత రండి."

"తర్వాతంటే ఎప్పుడండి?"

"అయ్యాక."

తోట ఆయన కుక్కను ఎగాదిగా చూశాడు. "ఈ జుట్టు అయ్యేదేనా అండి?" అని నవ్వి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

వాక్యం తెలిసినవాళ్ళకు తెలుసు, అందులో కుక్కలకు మంచి పేరు తక్కువే. అయినా ప్రభువు చెప్పిన కథలో, ధనవంతుడి వాకిట పడి ఉన్న పేదవాడి దగ్గరికి మనుషులెవరూ రానప్పుడు పుండ్లు నాకింది కుక్కలే. ఆ మాట ఎన్నోసార్లు విన్నాను. ఆ రోజు వరండాలో చూశాను.

అప్పటి నుంచి అది రోజువారీ పని అయింది. అంతా సాఫీగా జరిగిందని చెప్పను. వేళ్ళు మొరాయించిన రోజులున్నాయి, ఆయన నన్నూ కుక్కనూ కలిపి తిట్టిన రోజులున్నాయి. ఎండాకాలంలో బీపీ పెరిగి మళ్ళీ ఆసుపత్రిలో పడుకోబెట్టాం. బెన్నీ పొద్దున నడకకు మస్తాన్ తమ్ముడు వస్తున్నాడు. పరుగు తీరితే అది వరండాలో నెమ్మదిగా ఉంటుంది.

ఒక ఆదివారం ఆయనే చొక్కా అడిగారు. వెళ్ళాం. వెనక కుర్చీలో కూర్చున్నారు. సమయం వచ్చినప్పుడు దానియేలు అన్నయ్య బల్ల దగ్గర లేచి, రొట్టె పళ్ళెం పట్టుకుని ఆయన దగ్గరికే వచ్చారు. మావారు వద్దన్నట్టు తలూపారు. అన్నయ్య కదల్లేదు. ఆయన ఎడమచేత్తో రొట్టె పట్టుకున్నారు. కుడి వేళ్ళు అంచును పట్టాయి. రెండుగా విరగలేదు. ఓ పక్క చిన్న ముక్క తెగింది, అంతే. ఆ ముక్కను పట్టుకుని తడబడే నాలుకతో కృతజ్ఞతలు చెల్లించారు. సగం మాటలు ఎవరికీ అర్థమై ఉండవు. అందరూ "ఆమేన్" అన్నారు. మిగతాది అన్నయ్య విరిచారు.

ఇప్పుడు అలాగే జరుగుతోంది. ఆయన ముక్క తీస్తారు, అన్నయ్య విరుస్తారు. చెయ్యి పూర్తిగా రాలేదు, రాకపోవచ్చని డాక్టరు అన్నాడు. గుండీలు నేనే పెడతాను. బెన్నీ గడ్డం నీళ్ళు నేనే తుడుస్తాను. మల్లెపాదు మళ్ళీ తవ్వింది.

నేను చెప్పగలిగింది ఒక్కటే. చెయ్యి పడిపోయిన మనిషికి మందులు వేళకు ఇవ్వండి, డాక్టరు చెప్పిన వ్యాయామం చేయించండి. దాంతో పాటు, ఆ చెయ్యి ఒకప్పుడు ప్రేమతో చేసిన పని ఏదో కనుక్కుని, ఆ పనిని ఆయన ముందు పెట్టండి. మీరు చేసి పెట్టకండి. కాసేపు కూర్చుని చూడండి.

నందిగామలో మా సహోదరి ఒకామె భర్తకు ఈ మధ్యే స్ట్రోక్ వచ్చింది. టైలరు. మంచం దిగడం లేదట, ఎవరితోనూ మాట్లాడడం లేదట. ఈ శనివారం మేమిద్దరం వెళ్తున్నాం. మావారి తెల్లచొక్కాకు ఒక గుండీ ఊడింది. నేను కుట్టగలను. కుట్టకుండా చొక్కాను, గుండీని, సూదిదారాన్ని సంచిలో పెట్టాను. ఆ టైలరు ఆ సూది అందుకోవాలని, మావారి తడబడే మాట ఆయన హృదయానికి తిన్నగా చేరాలని, ఇది చదువుతున్న మీరు ఉన్నచోటనే ఒక్క నిమిషం మాతో కలిసి ప్రార్థించండి.