ఎర్ర నాచును అక్కకు చూపించిన రోజు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసినా రేషను ఇంకా ముగియని రోజులవి. బెంగళూరులో నేను వృక్షశాస్త్రం చదువుతున్న కాలేజీలో ప్రదర్శన పెట్టారు. సముద్రపు ఎర్ర నాచు స్లైడు ఉన్న మైక్రోస్కోపు దగ్గర నన్ను నిలబెట్టారు.

చిక్కపేటలో బట్టల అంగడి ఉన్న బావకు అక్కనిచ్చి అప్పటికి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. కొడుక్కి మళ్ళీ పెళ్ళి చేస్తానని అక్క అత్తగారు అంటూనే ఉండేది. ఆ రోజు అక్క ఒక్కతే వచ్చి, ఒక కన్ను మూసుకుని గొట్టంలోకి చూసింది.

“ఏమే ఇది, బుడ్డి మాదిరి ఉండాది? దాని పైన వెంట్రుకేంది?”

“అది ఆడ భాగం అక్కా. మగ కణం వచ్చి ఆ వెంట్రుకకు అంటుకోవాల. దానికి తోక లేదు, ఈదలేదు. నీళ్ళు యెట్ల తోస్తే అట్ల వస్తాది.”

“రాకుంటే?”

“ఇది ఊరికే వాడిపోతాది.”

“అయితే తప్పు దీనిది కాదు.”

“నాచుకు తప్పేందక్కా!” అని నవ్వేశాను. వెనక జనం నిలబడి ఉన్నారు. అక్క మాత్రం ఇంకాసేపు కన్ను తీయలేదు.

ఆ వారంలోనే అక్క బావతో అందట: “ఇంకో పెండ్లికి ముందు మీరూ ఒకతూరి డాక్టరుకు చూపిచ్చుకోండి.” బావ అరవలేదు, మాట్లాడటం మానేశాడు. అత్తగారు అక్కను ట్రంకు పెట్టెతో సహా జట్కా ఎక్కించి మా ఇంటి ముందు దింపింది.

“మీ చిన్నది కాలేజీలో ఏందో చూపిచ్చిందంట. ఇద్దర్నీ మీరే పెట్టుకోండి” అంది గడప దాటకుండానే.

అమ్మ నన్ను తిట్టలేదు. నా పుస్తకాలు కనబడితే ముఖం తిప్పుకునేది.

బావ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. మరుసటేడు కొడుకు పుట్టాడు. ఆ కబురు ముందు నా చెవినే పడింది. అక్కకు చెప్పలేక వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను. నాచు గురించి నేను చెప్పింది నిజమే. కానీ అక్క అడుగుతున్నది నాచు గురించి కాదని ఆ రోజే నాకు తెలుసు. జనం చూస్తున్నారని నవ్వి తప్పించుకున్నాను.

చివరికి చెప్పాను. అప్పటికి అక్క ప్రసూతి ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంటోంది. ఆ పూట ఇంట్లో పొయ్యి దగ్గర రాగి సంగటి కెలుకుతూనే అడిగింది:

“తల్లీబిడ్డా బాగుండారంటనా?”

“బాగుండారంట. అక్కా, ఆ పొద్దు నేను...”

“నువ్వేం చేసినావే? అడగాలని నాకు ముందునించే ఉండె. నోరు రాలేదు, అంతే.”

నా కంచంలో ముద్ద పెట్టి నెయ్యి వేసింది. నిజంగానే అలా అందో, నన్ను ఓదార్చడానికే అందో ఈ వయసుకీ తేల్చుకోలేకపోయాను. మళ్ళీ అడిగే ధైర్యమూ రాలేదు.