విశ్వాసం ఎముకలకు తల్లి ఎవరు

2023 జూన్ 19. మార్కాపురానికి అవతల మూతపడ్డ ఒక పలకల గనిలో నీళ్లు తోడితే మనిషి ఎముకలు నలభై ఒకటి బయటపడ్డాయి. వాటితోపాటు ఒక బెల్టు బకిలీ. యర్రగొండపాలెం సంతలో తానే కొనిపెట్టిన ఆ బకిలీని సంతోషమ్మ చూడగానే గుర్తుపట్టింది. గని నడిచే రోజుల్లో, ఏడాదిన్నర కిందట, అందులో పనికి వెళ్లిన ఆమె అక్క కొడుకు విశ్వాసం మళ్లీ ఇంటికి రాలేదు. బెంగుళూరు పోయి ఉంటాడని యజమాని అప్పుడే తేల్చేశాడు.

సంతోషమ్మది పెద్దారవీడు వైపు కూలి కుటుంబం. అక్క పుష్పమ్మ చనిపోయేనాటికి విశ్వాసానికి మూడేళ్లు. తండ్రి అంతకుముందే పోయాడు. ఆనాటి నుంచి వాడు సంతోషమ్మ కొంగు పట్టుకునే పెరిగాడు.

వాడు కనబడలేదని మొదట స్టేషనుకు వెళ్లినప్పుడు కానిస్టేబుల్ తిరుపతయ్య తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు పిన్నమ్మవి. కన్నోళ్లు రావాల."

"కన్నోళ్లు సమాధుల్లో ఉండారు సారూ. పిలుచుకోనిరమ్మంటావా?"

అతను నవ్వి పంపేశాడు. మనిషి తప్పిపోతే ఎవరైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆ సంగతి చెప్పవలసినవాళ్లే ఆమెను తిప్పి పంపారు. మూడోసారి వెళ్లినప్పుడు వేరే అధికారి ఉన్నాడు. "వాని తల్లిని" అంది సంతోషమ్మ. అప్పుడుగాని ఫిర్యాదు తీసుకోలేదు.

ఎముకలు దొరికాక, తల్లి కదా అని ఆమె రక్తమే పరీక్షకు పంపారు. అక్టోబరులో ఫలితం వచ్చింది: ఈ ఎముకలు ఆమె కన్నబిడ్డవి కావు. ఇక దిక్కులేని ఎముకలుగా పూడ్చేస్తామన్నారు. అదే జరిగితే గనిలో చావు లేదు, యజమాని మీద కేసూ లేదు.

"నేను కనలే సారూ, మా అక్క కనింది," అందామె.

తిరుపతయ్య కస్సుమన్నాడు. "తల్లినని అబద్ధం చెప్పినందుకు నీ మీదే కేసు పెట్టొచ్చు, తెలుసునా?"

"పెట్టు నాయనా. అట్లన్నా నా మాట కాగితం మీదికి ఎక్కుతాది."

అటునుంచి అటే బస్సెక్కి మార్కాపురంలో వకీలు రాఘవమ్మ దగ్గరికి వెళ్లింది. రాఘవమ్మ అంతా విని, "మీరిద్దరూ ఒక్క తల్లి బిడ్డలేనా?" అని అడిగింది. ఇన్నాళ్లలో ఆ ప్రశ్న అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

"ఒక్క కడుపేనమ్మా."

"అయితే తల్లి వైపు నుంచి దిగే ఆనవాలు మీ అక్కలోనూ నీలోనూ ఒకటే. వాడు మీ అక్క బిడ్డయితే ఆ ఎముకల్లోనూ అదే ఉంటాది. దానికి వేరే పరీక్ష ఉంది, అడుగుదాం."

ఆ సాయంత్రమే కోర్టులో అర్జీ పడింది.

మరుసటి వారం ఎముకలు పూడ్చవద్దని, రెండో పరీక్ష చేయించాలని ఉత్తర్వు వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి జీపులో వచ్చింది తిరుపతయ్యే.

"ఈసారి నన్ను ఎవరని రాసుకుంటావు?" అని అడిగింది సంతోషమ్మ.

"పిన్నమ్మవనే," అన్నాడతను, మొహం పక్కకు తిప్పుకుని.

"పిన్నమ్మ పనికిరాదంటివే ఆ పొద్దు!"

ఆమె జీపెక్కింది. గని యజమానిని ఆ వారం కూడా ఎవరూ స్టేషనుకు పిలవలేదు.