మా బావ కట్టిన పది తీగల బల్ల

మా బావకు చెవులు ఎక్కువ, నోరు తక్కువ. మా అక్క పెళ్లయిన ఈ ఇరవై రెండేళ్లలో ఆయన నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఒక పోస్టుకార్డు నిండదు. పగలంతా షెడ్డులో లేత్ మిషన్ మీద బోల్టులు, బుష్షులు చేస్తాడు. సాయంత్రాలు అక్కడే కూర్చుని ఏడాదికొక పెడల్ స్టీల్ గిటారు కడతాడు.

గిటారు అనగానే ఒళ్లో పెట్టుకునేది అనుకోకండి. ఇది నాలుగు కాళ్ల బల్ల, పైన పది తీగలు. వాయించేవాళ్లు దాని ముందు కూర్చుని, ఎడమచేత్తో నున్నటి ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతూ కుడిచేత్తో మీటుతారు. కింద పెడల్ తొక్కితే, మోగుతున్న తీగ మోగుతూనే బిగుసుకుని ఒక స్వరం ఇంకో స్వరంలోకి పాకుతుంది. బల్లకు ఇంత హంగామా ఎందుకని మొదట్లో వెక్కిరించేవాణ్ణి. ఒకరోజు దాన్ని బోర్లించి, అడుగున ఉన్న సన్నని కడ్డీలు, కీళ్లు, స్ప్రింగులు అన్నీ ఒక్క తొక్కుడుకు కలిసి కదలడం చూశాక నా నోరు మూతపడింది.

ఒక ఏడాది గిటారు కట్టించుకోవడానికి వచ్చినావిడ పాతికేళ్లు డాన్సు హాల్లో ఈ వాద్యమే వాయించింది. రోడ్డు ప్రమాదంలో ఎడమకాలు మోకాలి కింద నుంచి తీసేశారు. పెడళ్లన్నీ తొక్కాల్సింది ఆ పాదంతోనే.

"మోకాలు మిగిలింది కదా మేస్త్రీగారూ, దాంతో అవుతుందా? అవదంటే ఇవాళే చెప్పెయ్యండి. ఆశ పెట్టుకుని తర్వాత ఏడవడం నావల్ల కాదు" అంది.

బావ గోడను చూశాడు, లేత్‌ను చూశాడు, ఆవిడ కాలి వైపు మాత్రం చూడలేదు. "చూద్దామండీ" అన్నాడు. ఆయన లెక్కలో అది ఉపన్యాసం.

పెడళ్ల పనంతా మోకాలికి అటూ ఇటూ ఉండే మీటలకు మార్చాలి. పాదానికున్న బలం మోకాలికి ఉండదు. మీటను తేలిక చేస్తే చాలా దూరం తొయ్యాలి, దూరం తగ్గిస్తే బరువెక్కుతుంది. రోట్లో తలదూర్చాక రోకటిపోటుకు వెరవకూడదంటారు గానీ, ఇక్కడ రోట్లో పడింది నా మోకాలు. రోజూ నన్ను కూర్చోబెట్టి, "తన్నకురా, తొయ్యి" అనేవాడు. రెండు నెలలు తోశాను. మోకాలు వాచింది. చివరికి పెన్నులో స్ప్రింగంత చిన్న స్ప్రింగును సాయంగా తగిలించాడు. మీట సొరుగు తెరిచినంత తేలిగ్గా కదిలింది.

ఫ్యాన్ మోటార్లకు కాయిళ్లు చుట్టడం నా వృత్తి. అందుకని తీగల కింద ఉండి వాటి మోతను స్పీకరుకు పంపే పికప్ కాయిల్ చుట్టే పనీ నా నెత్తినే పడింది. వెంట్రుక కంటే సన్నటి తీగ. మూడుసార్లు తెంపుకుని, నాలుగోసారి ఊపిరి బిగబట్టి చుట్టాను.

బావ చేసిన తప్పు ఆ తర్వాతిది. ఒక తీగను లాగితే చెక్క కాస్త వంగి, మిగతా తీగల శ్రుతి వెంట్రుకవాసి దిగుతుంది. మామూలు చెవులకు వినబడదు, ఆయనకు మాత్రం నిద్ర పట్టనివ్వదు. అసలే కష్టంలో ఉన్న మనిషికి ఈ లోపం కూడా ఎందుకని, చెక్క అడుగున రెండు దళసరి అల్యూమినియం పట్టీలు బిగించాడు. శ్రుతి దిగడం ఆగింది. జీవితంలో మొదటిసారి నా భుజం తట్టాడు.

ఆవిడ వచ్చి కూర్చుంది. మీటలు చెప్పినట్టు విన్నాయి. రెండు నిమిషాలు వాయించి చెయ్యి తీసేసింది.

"శ్రుతి సూదిమొనలా ఉంది. కానీ గొంతేదండీ?"

నాకు ఒళ్లు మండింది. "మోకాళ్లు అరగదీసుకున్నామమ్మా! ఇంకేం కావాలి?"

"మీ తప్పేం లేదు బాబూ. నా రోజులే అయిపోయాయేమో." ఆవిడ తన ఉక్కు కడ్డీని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఇక మళ్లీ రాదని నాకు అర్థమైంది.

బావ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఒక్క గంట కూర్చోండి" అన్నాడు. బల్ల బోర్లించి పట్టీలు రెండూ ఊడదీశాడు. తీగలన్నీ మళ్లీ శ్రుతి చేసి, వట్టి చెక్కకు చెవి ఆనించి ఒక తీగ మీటాడు.

"భయపడి చెక్కను మోగనివ్వకుండా దాని పీక పిసికేశానండీ. ఇప్పుడు శ్రుతి కాస్త దిగుతుంది మరి."

"దిగనివ్వండి. సరిచెయ్యడానికి ఈ చెయ్యి లేదూ?" అంటూ ఆవిడ కడ్డీని బయటికి తీసింది.

ఈసారి మొదటి స్వరానికే తేడా తెలిసిపోయింది. నేను చుట్టిన రాగితీగలోంచి, బావ చెక్కిన చెక్కలోంచి ఒక మనిషి గొంతు వచ్చింది. అది సాగింది, వణికింది, పైకెక్కి నిలబడింది. పక్క లేత్ మీద పనిచేసేవాడు తనంతట తానే మిషన్ ఆపేశాడు. అంత గొప్పదాన్ని పట్టుకుని బల్ల అని వెక్కిరించినందుకు నిజంగా సిగ్గేసింది.

ఉన్నట్టుండి ఆవిడ ఆపి, వంగి బల్ల కిందికి చూసింది.

"ఏమైందండీ? మీట పట్టేసిందా?" బావ కంగారుపడ్డాడు.

"కాదు. నా పాదం. ఇప్పుడే పెడల్ తొక్కినట్టనిపించింది."

అన్నాళ్లూ ఆవిడ కాలి వైపు కన్నెత్తి చూడని మా బావ, నేల మీద మోకరించి బల్ల కిందికి చూశాడు. నేనూ వంగి చూశాను. అక్కడ పాదమూ లేదు, పెడలూ లేదు; మీట మాత్రం ఇంకా ఆవిడ మోకాలికి ఆనుకునే ఉంది.