ఊటకొండ తీర్మానం

ఫల్గుణ చేసే పనేమిటని అడిగితే బొండ్రుగూడలో ముందు నవ్వేవారు, తర్వాత జవాబు చెప్పేవారు. మాస్టారు కాదు, గార్డు కాదు, వ్యాపారి అసలే కాదు. పదిమందినీ నేల మీద కూర్చోబెట్టి మాట్లాడించడం అతని ఉద్యోగం. అందుకు నెలనెలా జీతమిచ్చే సంస్థ ఒకటి ఉందంటే ముంచింగిపుట్టు సంతలో ఎవరూ నమ్మలేదు. కబుర్లకు కూడా జీతమిస్తే మా ఊళ్లో ముసలాళ్లందరూ ఈపాటికి మేడలు కట్టేవారని ఆటపట్టించేవారు.

పదో తరగతి అయ్యాక కొన్నాళ్లు ఖాళీగా తిరిగి, 1996లో ఆ సంస్థలో చేరాడు. రంపచోడవరంలో పదిహేను రోజులు శిక్షణ. అక్కడ నేర్పినవి ముఖ్యంగా రెండు మాటలు: ఉమ్మడి లక్ష్యం, కార్యాచరణ ప్రణాళిక. ఊరంతా కలిసి తమకు ఏం కావాలో ముందు తేల్చుకోవాలి. ఆ తర్వాత ఎవరు ఏ పని తలపెట్టినా, ఇది మనం కోరుకున్నదాని వైపు తీసుకుపోతుందా, దానికి అడ్డం పడుతుందా అని అందరూ కలిసి ఆలోచించుకోవాలి. ఇంత చిన్న సంగతికి అన్ని చార్టులు, అన్ని టీలు ఎందుకో ఫల్గుణకు అర్థం కాలేదు గాని, సంగతి మాత్రం మనసుకు పట్టేసింది. ఎవరి పోడు వాళ్లది, ఎవరి గొడవ వాళ్లదిగా బతికే ఊళ్లను చూస్తూ పెరిగినవాడు మరి.

అయిదేళ్లు ఊళ్లు పట్టుకు తిరిగాడు. ముగ్గుపిండితో నేల మీద ఊరి పటం గీయించడం, ఏది ఎక్కువ అవసరమో చిక్కుడు గింజలు పెట్టించి లెక్క తేల్చడం, చివర్న తీర్మానం రాసి వేలిముద్రలు వేయించడం. అంతా బాగానే జరిగేది. సంస్థ జీపు మలుపు తిరిగాక మాత్రం ఆ తీర్మానం సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. ఫల్గుణకది తల కొట్టేసినట్టుండేది. ఆలోచించగా ఆలోచించగా ఒక విషయం తట్టింది. ఈ కొండల్లో కాగితానికి కట్టుబడినవాడు ఎవడూ లేడు. విత్తనానికి మాత్రం అందరూ కట్టుబడతారు.

చైత్రంలో ఇటుకల పండుగనాడు ఇంటింటి నుంచీ ఆ ఏడు చల్లబోయే విత్తనాలు గుప్పెడు తెచ్చి, అమ్మవారి రాళ్ల ముందు ఒక్క చేటలో పోస్తారు. సామలు, చోళ్లు, కందులు, వలిసెలు అన్నీ కలిసిపోతాయి. పూజారి వాటిని కలిపి మళ్లీ గుప్పెడేసి పంచుతాడు. ఆ గుప్పెడు చల్లాకే మిగతా విత్తు. ఆ చేట ముందు అన్న మాటను వెనక్కి తీసుకున్నవాడి పంటను ఊళ్లో ఎవరూ తినరు. ఇంతకాలం నా కళ్లెదుటే ఉన్నదాన్ని వదిలేసి చార్టులు మోశానే అని ఫల్గుణ తనను తానే తిట్టుకున్నాడు.

2002లో సంస్థ అతని సొంత ఊరినే అప్పగించింది. ముప్పై రెండు గడపలు. గింజలన్నీ ఒక్క గడిలోనే పడ్డాయి: నీళ్లు. ఊరి పైనున్న ఊటకొండ మీద ఊట ఉంది గాని మాఘం వెళ్లేసరికి ఎండిపోయేది. ఆడవాళ్లు కొండ కింద పారే గెడ్డకు దిగి బిందె నింపుకొని ఎక్కి రావడానికి పొద్దంతా చాలేది కాదు. చెట్లు కొట్టి కాల్చి చేసే పోడు కొండ మీద ఆపి చెట్లు ఎదగనిస్తే ఊట వేసవిలో కూడా నిలుస్తుంది, అప్పుడు గొట్టం వేసి ఊళ్లోకి దింపుతామని సంస్థ ఇంజనీరు చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ కొండ మీద పదకొండు కుటుంబాల పోడు ఉంది. అందరికంటే పెద్ద నేల చెక్క సోములమ్మది. ఫల్గుణకు మేనత్త, మొగుడు పోయిన మనిషి. తల్లి పోతే అతన్ని పెంచింది కూడా ఆవిడే. మూడు రోజులు సభ జరిగితే మూడు రోజులూ వచ్చి కూర్చుంది. చివరికి ఒక్కటే అడిగింది.

"కొండ ఒగ్గేత్తే నేను ఏటి తినాల బావూ?"

ఆ ప్రశ్న దగ్గరే ఫల్గుణ పనితనం కనిపించింది. కింద మెట్టలున్నవాళ్లను ఒక్కొక్కరినీ కదిపి, తలా కాస్త నేల ఆ పదకొండు కుటుంబాలకు చేసుకోనిచ్చేలా ఒప్పించాడు. ఎవరి మనసూ నొప్పించకుండా, ఎవరి పరువూ పోకుండా. అలాంటి పని అందరూ చేయలేరు. ఆ చైత్రంలో అమ్మవారి ముందు చేట పెట్టినప్పుడు పదకొండు కుటుంబాలూ కొండ విత్తనం తేలేదు. వట్టి చేతులు చేటలో పెట్టి తీశారు. ఊటకొండ మీద ఇక విత్తనం వేయం అన్నదానికి అదే ప్రమాణం. సంస్థ కోసం ఫల్గుణ గుండ్రటి అక్షరాలతో రిజిస్టరులో రాశాడు: 'ఈ ఏడు నుంచి దిగువ సంతకందారులమగు మేము ఊటకొండపై సాగు పూర్తిగా మానివేసితిమి.'

రెండేళ్లకు ఊట నిలిచింది. 2004 వేసవిలో ఊరి నడుమ కుళాయి తిప్పితే నీళ్లు వచ్చాయి. ఆడవాళ్లు ఆ రోజంతా పనీపాటా మానేసి కుళాయి దగ్గరే కూర్చున్నారు. బయటివాళ్లు జీపులేసుకొని వచ్చి ఫోటోలు తీసుకున్నారు. ఊరంతా ఒక్క మాట మీద నిలబడడమంటే ఇదీ అని రంపచోడవరం శిక్షణలో ఫల్గుణ చేతే చెప్పించారు. చెప్పాడు, గర్వంగానే చెప్పాడు. ఆ గర్వం తప్పని నేననను. ఎవరికైనా ఉంటుంది.

2005 వానలకు ముందు ఒక మాట కొండలెక్కింది. అడవి భూములు చేసుకునేవాళ్లకు పట్టాలిచ్చే చట్టం రాబోతోందట. పక్కనున్న కొత్తవలసవాళ్లు సంస్థ సభలకు ఏనాడూ సరిగా రానివాళ్లు. వాళ్ల వైపు కొండను మొదలంటా కొట్టి కాల్చేశారు. వాళ్ల పొగ చూసి బొండ్రుగూడలో పదకొండు కుటుంబాలూ ఫల్గుణ ఇంటికొచ్చాయి. ముందు సోములమ్మ.

"కొత్తవలసోళ్లు బేగి కొట్టేత్తన్నారు. మనమూ ఓ మూలన్నా గోకుదుమా బావూ? నువ్వు ఊఁ అంటే సాలు."

ఫల్గుణ ఊఁ అనలేదు. విత్తనాలు కలిపిన చోట మాటిచ్చామని గుర్తు చేశాడు. ఒకరు మూల గోకితే పదకొండు మందీ గోకుతారు, ఊట మళ్లీ మాఘానికి ఎండుతుందన్నాడు. చట్టం వస్తే మాత్రం తాతల నాటి కొండ ఎవరిదో ఊరికి తెలియదా అన్నాడు. కావాలంటే రిజిస్టరు ఉంది, అందులో పదకొండు పేర్లూ ఉన్నాయన్నాడు. వాళ్లు తలలూపి వెళ్లిపోయారు. కొండ మీద ఎవరూ కత్తి పెట్టలేదు.

చట్టం వచ్చింది. 2008లో సర్వేవాళ్లు చేతిలో పట్టే కొలతల మిషను తీసుకొని వచ్చారు. 2005 డిసెంబరు పదమూడు నాటికి సాగులో ఉన్న నేలకే పట్టా. ఊటకొండ మీద అప్పటికి తలెత్తు చెట్లు లేచాయి. ఇది మాది అని ఊరివాళ్లంటే, సాగు ఆనవాలు ఏదని సర్వే మనిషి అడిగాడు. అప్పుడు ఫల్గుణ ఇంటికి పరుగెత్తి రిజిస్టరు తెచ్చాడు. ఎవరూ అడగలేదు, తనే తెచ్చాడు. పదకొండు పేర్లు, పదకొండు వేలిముద్రలు, ఎవరి చెక్క ఎక్కడిదో గీసిన పటం.

సర్వే మనిషి చెడ్డవాడేం కాదు. ఓపిగ్గా చదివాడు. చదివి, 'సాగు పూర్తిగా మానివేసితిమి' అన్న వాక్యం కింద వేలు పెట్టి, తారీఖు చూపించాడు. "2002లోనే మానేసినట్టు మీరే రాసిచ్చారు కదయ్యా. ఇది లేకపోతే ఎలాగోలా చూసేవాణ్ణేమో." ఆ పేజీ నకలు దరఖాస్తులకు జతపడింది. పదకొండూ తిరిగొచ్చాయి. ఊరుమ్మడిగా కొండ మీద హక్కు అడిగే దరఖాస్తు వేరే ఉందని అప్పుడు చెప్పినవాళ్లు లేరు. ఉమ్మడి అన్న మాటను పన్నెండేళ్లు ఊరూరా మోసినవాడికి ఆ ఒక్క ఉమ్మడి తెలియలేదు.

కొత్తవలసలో పంతొమ్మిది మందికి పట్టాలొచ్చాయి. వాళ్ల ఊట ఎండిపోయింది. వేసవిలో బిందెలు పట్టుకొని బొండ్రుగూడ కుళాయి దగ్గరికే వస్తారు. పొమ్మని వీళ్లు అనరు. పట్టా లేని ఊటకొండ అటవీ శాఖ లెక్కలోకి పోయి, దాని మీద మొక్కలు నాటే పని మొదలైంది. గోతులు తవ్వడానికి కూలీలు కావాలన్నారు. కింద మెట్టలిచ్చినవాళ్ల ఇళ్లలో కొడుకులు వేరుపడ్డారు, వాళ్ల నేల వాళ్లకే చాలడం లేదు. నేల వెనక్కి అడగడానికి వాళ్లూ సిగ్గుపడ్డారు, అడిగారు. సోములమ్మ గునపం పట్టుకొని తన కొండ మీదికి కూలికి పోయింది.

ఊళ్లో ఫల్గుణను ఎవరూ ఒక్క మాటనలేదు. తిట్టి ఉంటే తేలికయ్యేది. సభ పెడితే వచ్చి కూర్చునేవారు, అన్నిటికీ తల ఊపేవారు, ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. ఆ ఏడాదే సంస్థ కబురంపింది: బొండ్రుగూడ కథ కొత్తగా చేరినవాళ్లకు చెప్పాలి, రంపచోడవరం రమ్మని. నీళ్ల దాకా చెబితే చాలునట.

ఆ ఉత్తరం జేబులో పెట్టుకొని ఫల్గుణ ఊటకొండ ఎక్కాడు. సోములమ్మ వరసలో మూడో గోతి దగ్గర ఉంది. ఉద్యోగం మానేస్తున్నానని చెప్పాడు. తప్పంతా తనదేనని, ఆ రోజు ఊఁ అని ఉంటే సరిపోయేదని, తనను నాలుగు తిట్టమని అడిగాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు, ముప్పై దాటిన మనిషి.

సోములమ్మ గునపం ఆనించి కొంగుతో మొహం తుడుచుకుంది. అతని మీద కోపం ఆవిడకు అప్పుడూ లేదు, తర్వాతా లేదు.

"నువ్వు ఎదవ్వైతే బాగున్ను బావూ," అంది. "నీ మాట ఎవులూ ఇనకపోదురు. మన కొండ మనకుండును."